ఊనకయా, ఊదకయా?

ఆమదాలవలస సభ్యుడు: నలభై ఏళ్ల కిందట మాకు ఆంగ్ల ఉచ్చారణను ధ్వనిలిపి సంకేతాలతో నేర్పిన మాస్టారు, సూత్రాలు గుర్తుండటానికి కంద పద్యాలు కట్టి వల్లె వేయించేవారు. ఒకదాని మొదటి పాదం నన్ను వదలడం లేదు: "ఊనక పలుకుము నడుమను". అది "ఊనక"యో "ఊదక"యో ఎంత తలచుకున్నా తేలలేదు. గణాలకు రెండూ సరిపోతాయి, మొదటి పాదం కనుక యతి సాయపడదు.

బొబ్బిలి సభ్యురాలు: "ఊనక"యేనండీ. చెబుతున్నది తలకిందులైన ఆంగ్ల 'ఈ' అక్షరం, అంటే ష్వా అనే బలహీనమైన అచ్చు గురించి. 'ఫోటోగ్రాఫ్'లో ఊనిక, అంటే నొక్కి పలకడం, మొదటే పడటం వల్ల నడిమి అచ్చు నలిగి ష్వాగా మిగులుతుంది; 'ఫొటోగ్రఫీ'లో ఊనిక నడుమకు జరగగానే మొదటి అచ్చు నలుగుతుంది. గురులఘువులు కొలిచే మన చెవికి నిడివి పట్టుబడినంతగా ఊనిక పట్టుబడదు. మూడు నాలుగు మాత్రల నడకతో ముత్యాలసరాన్ని కూర్చిన గురజాడ వారు విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పారు, ఆంగ్లంలోనూ కవిత్వం రాశారు. ఈ రెండు లయలూ ఒకే చెవిలో ఇమిడిన అటువంటివారు అరుదు.

రాజాం సభ్యుడు: నేనూ ఆ మాస్టారి శిష్యుణ్ణే, తమకన్నా రెండేళ్లు ముందు. అది "ఊదక". 'పిన్'లో పకారం వెంట గాలి వెలువడుతుంది, దానికి గుర్తుగా పక్కన పైకెత్తి చిన్న హెచ్ రాస్తారు. 'స్పిన్'లో సకారం తరువాత నడుమ వచ్చే పకారానికి ఆ గాలి ఉండదు. మాస్టారు మా నోటి ముందు పలుచని కాగితం పట్టి, అది కదిలిందో లేదో చూపించేవారు. పైగా మూడో పాదం "నాదము" అని మొదలవుతుంది; అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి కనుక ప్రాస దకారమే.

బొబ్బిలి సభ్యురాలు: మహాప్రాణాన్ని మనవారు ఒత్తి పలకడమంటారు గాని ఊదడమనరు. మాస్టారు మాటల విషయంలో అంత అజాగ్రత్తగా ఉంటారా?

టెక్కలి సభ్యుడు: ఒత్తి పలకడమన్న మాట పిల్లలకు ఊనికగా కూడా వినబడుతుంది కనుకనే ఆయన దాన్ని విడిచి ఉండవచ్చు. మన ప్రాంతంలో ధ్వనులను ఇంత శ్రద్ధగా పట్టుకోవడం కొత్త కాదు. గిడుగు వారు సవర భాషపై ఆంగ్లంలో రాసి 1931లో వెలువరించిన గ్రంథం పేరు చూడండి: 'సోరా' అన్న మాటలో రెండు దీర్ఘాలకూ అచ్చు పక్కన నిలువుగా రెండేసి చుక్కలు ఉంటాయి. ధ్వనిలిపిలో దీర్ఘానికి నేటికీ దాదాపు అదే గుర్తు.

ఆమదాలవలస సభ్యుడు: కాగితం సంగతి నాకూ జ్ఞాపకమే. కాని నా చెవిలో మూడో పాదం "దానిని" అని మొదలవుతోంది. అప్పుడు ప్రాస నకారం అవుతుంది. రెండో పాదంలోనో నాలుగో పాదంలోనో మొదటి మాట ఎవరికైనా గుర్తుంటే దయచేసి రాయండి, దాని రెండో అక్షరం చాలు.