‘రౌతు కొద్దీ గుర్రం’: ఇక్కడ ‘కొద్దీ’ కొలతా, కారణమా?

ప్రశ్న (పత్రికలో క్రీడల పేజీ చూసే సభ్యుడు, విశాఖపట్నం):

పెద్ద గుర్రపు పందేలలో ఓడిపోయి కూడా జనం నోట నిలిచిపోయిన గుర్రాల గురించి, వాటిని నడిపిన జాకీల గురించి ఆదివారం సంచికకు ఒక వ్యాసం సిద్ధం చేస్తున్నాను. ‘వీరోచిత ఓటమి’ అని శీర్షిక పెడితే మా డెస్కులో ఒకరు అది వైరి సమాసం (సంస్కృత పదానికి తెలుగు పదాన్ని అతికించిన తప్పు సమాసం) అన్నారు. మరొకరు ‘రౌతు కొద్దీ గుర్రం’ అని పెట్టమన్నారు. రెండింటిలో ఏది నిలుస్తుందో పెద్దలు చెప్పగలరు.

మాస్టారు (అనకాపల్లి):

మొదటిది వైరి సమాసమే. ‘వీరోచిత పరాజయం’ అనండి, లేదా ‘వీరోచితమైన ఓటమి’ అనండి. రెండో శీర్షిక పెట్టారంటే మాత్రం జాకీని బోనులో నిలబెట్టినట్టే. గుర్రం ఎలా పరుగెత్తినా అందుకు కారణం పైనున్నవాడే అని కదా ఆ సామెతకు అర్థం.

నా సమాధానం:

మాస్టారికి నమస్కారం. సమాసం గురించి మీరు చెప్పినదానికి తిరుగు లేదు. సామెత దగ్గరే నాకు చిన్న పేచీ ఉంది. అది ‘కొద్దీ’ అనే మాట మీద కాబట్టి కొంచెం సాగదీసి రాస్తున్నాను, మన్నించాలి.

‘కొద్ది’ అనేది ‘కొలది’కి మారు రూపం. కొలుచు, కొలత, కొలది అన్నీ ఒక ఇంటివే. ‘పిండి కొద్దీ రొట్టె’ అన్నప్పుడు ఎంత పిండి ఉంటే అంత రొట్టె అవుతుందని చెబుతున్నాం తప్ప రొట్టె మాడిపోతే తప్పు పిండిదని చెప్పడం లేదు. ‘శక్తి కొద్దీ సాయం చేశాడు’ అన్నా అంతే, అక్కడ ఉన్నది కొలత. అదే ‘ఖర్మ కొద్దీ దొరికాడు’, ‘భయం కొద్దీ అబద్ధమాడాడు’ అన్నప్పుడు కొలత పక్కకు తప్పుకుంటుంది, కారణం ముందుకు వస్తుంది. ‘గంటల కొద్దీ’, ‘బస్తాల కొద్దీ’ అన్నచోట రాశి, ‘చూసే కొద్దీ’ అన్నచోట పెరుగుదల, ‘కొద్దిలో తప్పింది’ అన్నచోట వెంట్రుకవాసి తేడా తెలుస్తాయి. మాస్టారు సామెతను ‘ఖర్మ కొద్దీ’ పంక్తిలో కూర్చోబెట్టారు. నేను దానిని ‘పిండి కొద్దీ’ పంక్తిలో కూర్చోబెడతాను. రౌతుకు ఎంత నేర్పు ఉంటే గుర్రంలోని సత్తువలో అంత మేరకే బయటికి వస్తుందనేది నా అన్వయం. అప్పుడు సామెత ఎవరికీ శిక్ష వెయ్యదు. గుర్రంలో ఉన్నది ఎంత, బయటికి తీసినది ఎంత అని మాత్రం అడుగుతుంది.

‘రౌతు’ గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. రాజపుత్ర శబ్దం అరిగి అరిగి రాహుత్తు, రౌతు అయిందంటారు. మన ఉత్తరాంధ్రలో అది ఇంటిపేరుగా ఇంకా బతికే ఉంది కానీ, పందెం గుర్రం ఎక్కేవాడికి ఆ పేరు ఎప్పుడో పోయింది. మలక్‌పేట రేసులకు వెళ్ళేవారెవరూ రౌతు అనగా నేను వినలేదు, జాకీ అనే అంటారు. గాజువాక మెకానిక్ షెడ్డులో జాకీ తెమ్మంటే మాత్రం కారును పైకెత్తేది తెస్తారు.

ఇక ఓడిన గుర్రాల సంగతికి వస్తాను. 1973 మార్చి 31న లివర్‌పూల్ దగ్గరి ఎయిన్‌ట్రీలో జరిగిన గ్రాండ్ నేషనల్‌ను చూడండి. సుమారు ఏడు కిలోమీటర్ల దూరం, దాటవలసిన కంచెలు 30. ఈ పందెంలో గుర్రాలన్నీ ఒకే బరువు మొయ్యవు. ఎక్కువ సత్తా ఉన్నదని తేలిన గుర్రానికి ఎక్కువ బరువు కట్టి అన్నింటికీ సమానమైన అవకాశం ఇవ్వాలని చూస్తారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్రిస్ప్ అనే గుర్రం జాకీతో కలిపి 12 స్టోన్లు, అంటే సుమారు 76 కిలోలు మోసింది. వెనక వచ్చిన రెడ్ రమ్ మోసినది 10 స్టోన్ల 5 పౌన్లు, అంటే సుమారు 66 కిలోలు. జాకీ రిచర్డ్ పిట్‌మన్ దాదాపు మొదటి నుంచీ క్రిస్ప్‌ను ముందే ఉంచాడు. చివరి కంచె దాటేసరికి కూడా తక్కిన గుర్రాలకు అది దాదాపు 15 గుర్రాల నిడివి ముందుంది. అక్కడి నుంచి గెలుపు స్తంభానికి ఇంకా 450 మీటర్ల పరుగు మిగిలి ఉంది. ఆ నేల మీద క్రిస్ప్ కాళ్ళు తడబడుతుంటే రెడ్ రమ్ అడుగు అడుగూ తినుకుంటూ వచ్చి, స్తంభానికి కొద్ది గజాల ముందు దాటేసి, ముప్పాతిక నిడివి తేడాతో గెలిచింది. పరుగు పూర్తయిన సమయం 9 నిమిషాల 1.9 సెకన్లు. అంతకు ముందరి రికార్డు కంటే అది 18 సెకన్లకు పైగా తక్కువ. ముప్పాతిక నిడివి అంటే రెప్పపాటు కూడా కాదు కాబట్టి, ఓడిన గుర్రం కూడా పాత రికార్డును చెరిపేసినట్టే లెక్క.

ఆ చివరి పరుగులో పిట్‌మన్ కుడిచేత్తో కొరడా ఎత్తాడు. అలసిన గుర్రం ఎడమకు వాలిపోయింది. వెళ్ళవలసిన దారేమో కుడివైపు ఉంది. రెండు చేతులా పగ్గాలు పట్టుకుని గుర్రానికి ఆసరా ఇవ్వవలసిన క్షణంలో చెయ్యి తీశానని, ఆ తప్పు తనదేనని అతను తర్వాత బాహాటంగా చెప్పుకున్నాడు. ‘ఖర్మ కొద్దీ’ అర్థాన్ని పట్టుకుంటే కథ ఇక్కడితో ముగుస్తుంది: రౌతు ఒప్పుకున్నాడు, కేసు మూసేశారు. ‘పిండి కొద్దీ’ అర్థంలో మాత్రం లెక్క ఇంకా మిగిలే ఉంది. పది కిలోలకు పైగా ఎక్కువ బరువు మోస్తూ, అంత వేగంతో, ముప్పాతిక నిడివి తేడాకు వచ్చిందంటే ఆ గుర్రంలోని సత్తువలో ఎంత భాగం నేల మీద పడి ఉండాలి? అదే ఏడాది డాంకాస్టర్‌లో ఈ రెండు గుర్రాలూ సమానమైన బరువుతో తలపడ్డప్పుడు క్రిస్ప్ ఎనిమిది నిడివుల తేడాతో రెడ్ రమ్‌ను ఓడించింది. రెడ్ రమ్ తర్వాత మరో రెండుసార్లు, 1974లోను, 1977లోను గ్రాండ్ నేషనల్ గెలిచిందని గుర్తు పెట్టుకుంటే ఆ ఎనిమిది నిడివుల విలువ తెలుస్తుంది. కొరడా తప్పును తీసివేసి చూసినా, కలిపి చూసినా, ఓడిన స్వారీలలో ఇంత నిండుగా కొలతకు వచ్చినది మరొకటి నాకు కనిపించలేదు.

కొలతకు అందని స్వారీలు లేకపోలేదు. 1957 కెంటకీ డెర్బీలో బిల్ షూమేకర్ అంతటి జాకీ, గ్యాలంట్ మ్యాన్ అనే గుర్రం మీద గెలుపు ముంగిట ఉండి, అసలు స్తంభానికి సుమారు వంద మీటర్ల ముందున్న మరో స్తంభాన్ని చూసి పందెం అయిపోయిందనుకుని రికాబుల మీద లేచి నిలబడ్డాడు. పొరపాటు తెలిసి వెంటనే కూర్చున్నాడు కానీ ఐరన్ లీజ్ అనే గుర్రం ముక్కు తేడాతో గెలిచింది. షూమేకర్‌ను 15 రోజులు పందేలకు దూరంగా ఉంచారు. ఇక్కడ నేను మాస్టారి పక్షానికి వచ్చేస్తాను. ఈ ఓటమిలో కొలవడానికి ఏమీ లేదు, ఉన్నదంతా కారణమే. చిన్నప్పుడు చోడవరం వైపు ఒక ఊరి తీర్థంలో గుర్రాల పరుగు చూశాను. జీను లేదు, మడత పెట్టిన గోనె సంచి మీద కూర్చున్న కుర్రాడు ముందున్నాడు, ఎర్రగుడ్డ కట్టిన గెడ దగ్గర పడుతూండగా వెనకవాడు ఎంత దూరంలో ఉన్నాడో అని తల తిప్పాడు. గుర్రం మెడ కూడా అటే తిరిగింది. రెండోది పక్కనుంచి దూసుకుపోయింది. గట్టు మీద కూర్చున్న ముసలాయన చుట్ట నోట్లోంచి తీసి, “గుర్రం ఓడిపోనేదురా, ఎనక్కి సూసినోడు ఓడిపోనాడు” అన్నాడు. కర్తను మార్చి తీర్పు చెప్పిన ఆ వాక్యం నాకు వ్యాకరణ పాఠంలా గుర్తుండిపోయింది.

అసలు చిక్కు ఈ రెండింటికీ నడుమ ఉన్నవాటితో వస్తుంది. 1986 ఎప్సమ్ డెర్బీలో గ్రెవిల్ స్టార్కీ డాన్సింగ్ బ్రేవ్‌ను వెనకాల ఉంచి, చివర్లో వదిలాడు. గుర్రం పిడుగులా వచ్చి కూడా షారస్తానీకి అర నిడివి తక్కువ పడింది. అదే గుర్రం అదే ఏడాది అక్టోబరులో పారిస్‌లో, ప్యాట్ ఎడరీ స్వారీలో, వెనక నుంచే వచ్చి ఆర్క్ పందెం గెలిచింది. ఎప్సమ్‌లో చేసిన పనిని ‘ఆలస్యం’ అన్నారు, పారిస్‌లో చేసిన పనిని ‘ఓపిక’ అన్నారు. జెన్యాటా అనే ఆడగుర్రం 19 పందేలు వరుసగా గెలిచి 20వదైన 2010 బ్రీడర్స్ కప్ క్లాసిక్‌లో తల తేడాతో బ్లేమ్ చేతిలో ఓడిపోయింది. అది మొదటి నుంచీ అట్టడుగున నడిచి, చివర అందరినీ దాటే గుర్రం. జాకీ మైక్ స్మిత్ కన్నీళ్ళు పెట్టుకుని తప్పు తనదేనన్నాడు. గెలిచిన రోజుల్లో కూడా అతను దాన్ని వెనకనుంచే తెచ్చాడు మరి, అప్పుడు ఎవరూ తప్పు అనలేదు. ఓపిక, ఆలస్యం. తెగువ, తొందరపాటు. ఇవన్నీ మనం ఫలితం తెలిశాక ఎంచుకునే మాటలు. ఫలితాన్ని చేత్తో మూసిపెట్టి, మొదట్లో పరుగు వేగం ఎంత, గుర్రం మోసిన బరువు ఎంత, మలుపులో అది ఎన్నో వరుసలో తిరిగింది, దారి మూసుకుపోయిందా అని చూసిన తర్వాత కూడా ‘ఆలస్యం’ అనే మాటే నోటికి వస్తే అప్పుడు రాయవచ్చు. డాన్సింగ్ బ్రేవ్ విషయంలో మొదటి సగం పరుగు మందకొడిగా సాగింది. అలాంటి పరుగులో అంత వెనక ఉండడం నాకు ఇప్పటికీ ఆలస్యంగానే కనిపిస్తుంది. జెన్యాటా విషయంలో కనిపించదు.

మాస్టారి ప్రతిస్పందన:

పిండి, ఖర్మ అంటూ పంక్తి భోజనం బాగానే పెట్టారు. అయితే ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది’ అనే సామెతను ఎక్కడ కూర్చోబెడతారు? అది రౌతును తప్పు పట్టడం కాదా? పైగా సుమతి శతకకారుడు ‘ఎక్కిన బారని గుఱ్ఱము’ను గ్రక్కున విడవమన్నాడు. ఆయన లెక్కలో తప్పు గుర్రానిది. మీరేమో ఇద్దరినీ వదిలేస్తున్నారు.

నా సమాధానం:

మాస్టారూ, మీ ప్రశ్నే నాకు సాక్ష్యం. రౌతును తప్పు పట్టడానికి ‘మెత్తనైతే’ అనే సామెత విడిగా ఉండగా, అదే పనికి ‘రౌతు కొద్దీ’ అని మరొకటి ఎందుకు పుట్టాలి? మొదటిదానిలో షరతు ఉంది, దోషం ఉంది, ఆ దోషాన్ని చూసి ఆడుకునే గుర్రం కూడా ఉంది. బీచ్ రోడ్డు దిగువన ఇసుకలో పిల్లలను ఎక్కించుకునే గుర్రాలను చూడండి, పగ్గం పట్టిన కుర్రాడు ఫోను చూసుకుంటుంటే మురీ మిక్స్చర్ బండి దగ్గర ఆగిపోతాయి. రెండోదానిలో షరతూ లేదు, దోషమూ లేదు. మంచి రౌతుకు కూడా అది వర్తిస్తుంది. శతకపద్యం మోహరంలో, అంటే యుద్ధరంగంలో ఎక్కినవాడి ప్రాణం గురించి చెబుతోంది. అక్కడ కొలతలకు తీరిక ఉండదు.

ఒక సభ్యురాలు (బెంగళూరులో ఉద్యోగం, ఊరు భీమిలి):

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. ఇక్కడ కన్నడంలో ‘ఓడు’ అంటే పరుగెత్తడం. తమిళంలోనూ అంతే, క్రికెట్ పరుగులను కూడా వాళ్ళు ‘ఓట్టం’ అంటారు. మన ‘ఓటమి’ చూసి మా ఆఫీసులో తమిళులు అది ఏదో పరుగు పందెం అనుకున్నారు.

నా సమాధానం:

మంచి మాట అందించారమ్మా. యుద్ధంలో పరుగెత్తినవాడు ఓడినవాడే కాబట్టి మన దగ్గర అర్థం అటు జరిగి ఉంటుందని నాకు తోస్తుంది. పై పద్యంలో పరుగెత్తడమనే అర్థమిచ్చిన ‘పారు’ కూడా ఇప్పుడు మనుషుల విషయంలో ‘పారిపోవు’గానే మిగిలింది. క్రిస్ప్ మీద తమిళంలో రాసేవారికి ఈ ఇరకాటం ఉండదు.

ప్రశ్న అడిగిన సభ్యుడు:

అందరికీ ధన్యవాదాలు. శీర్షిక గడువు సాయంత్రం ఆరింటికి. చివరికి ఏది పెట్టమంటారు?

నా సమాధానం:

క్రిస్ప్ కథకు ‘శక్తి కొద్దీ పరుగు, కొద్దిలో ఓటమి’ అనండి. మొదటి ‘కొద్దీ’కి దీర్ఘం ఉంది, రెండోదానికి లేదు. కంపోజింగులో రెండూ ఒకటి కాకుండా చూసుకోండి. షూమేకర్ కథను విడిగా బాక్సు కడితే మా ముసలాయన మాట వాడుకోవచ్చు.

మాస్టారు:

షూమేకర్ వెనక్కి చూడలేదు కదండీ, లేచి నిలబడ్డాడు. ఆ బాక్సుకు ‘ముందే లేచిన రౌతు’ అని పెట్టండి. ఇక్కడ కారణమే ఉందని సమాధానం రాసినాయన కూడా ఒప్పుకున్నారు.