కడపలో ఉండి సినిమా నేర్చుకోవచ్చా, కృష్ణానగర్ పోవాల్సిందేనా?

ప్రొద్దుటూరు పిల్లోడు:
అన్నలూ అక్కలూ, డిగ్రీ అయిపోయింది నాకు. ఫోన్‌తో రెండు షార్ట్ ఫిలిములు తీసినా, ఒకటి యూట్యూబ్‌లో పెట్టినా, రెండోదాంట్లో మాటలు సరిగ్గా వినపడక పెట్టలేదు. మా ఫ్రెండు వెంకటాద్రి రైలెక్కి హైదరాబాద్ పోతాండాడు, కృష్ణానగర్‌లో రూము చూసుకున్నాడంట, అసిస్టెంటుగా యాడన్నా చేరితే చాలు నువ్వూ రా అంటాండాడు. మా నాయనేమో బ్యాంకు కోచింగు తీసుకో, సినిమా ఆదివారం చేసుకో అంటాడు. నాకిది ఆదివారం పని కాదు. కానీ ఆడికి పోతే ఏం నేర్చుకుంటానో, ఈడే ఉంటే ఏం పోగొట్టుకుంటానో తెలీడంలే. అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి.

గండికోట గాలి:
పో తమ్ముడూ, ఇంకేం ఆలోచించొద్దు. డైరెక్టరు బి.ఎన్.రెడ్డి పుట్టింది మన పులివెందుల పక్క పల్లెలో, ఆయనకు 1974లో దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది, తమ్ముడు నాగిరెడ్డికి 1986లో వచ్చింది, ఒకే ఇంట్లో ఇద్దరికి. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి, మనకు పక్కనే. వీళ్ళంతా మద్రాసు పోయినారు కాబట్టే ఇంతోళ్ళు అయినారు. పని యాడ జరుగుతాంటే ఆడ ఉండాల. అప్పుడు మద్రాసు, ఇప్పుడు హైదరాబాద్, అంతే తేడా.

తిరిగొచ్చిన ఏడీ:
అన్నా, ఆ లెక్క ఇప్పుడు కుదరదు. అప్పుడు కెమెరా, ఫిలిం, ల్యాబు అన్నీ మద్రాసు స్టూడియోల్లోనే, ఇంకో దారి లేదు వాళ్ళకు. ఇప్పుడు మన ఊర్లో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోల్లో ఉండే కెమెరా, అది అదరకుండా పట్టుకునే గింబల్, లైట్లు ఒక చిన్న సినిమాకు చాలు.

నేను ఏడీగా, అంటే అసిస్టెంటు డైరెక్టరుగా, అయిదేళ్ళు ఆడుండి వచ్చినా కాబట్టి చెప్తాండా. మొదటి సినిమాకు పధ్నాలుగు నెలలు చేసినా, చేతికొచ్చింది బేటా, అంటే రోజు ఖర్చుకిచ్చే డబ్బులు మాత్రమే, జీతం రిలీజు అప్పుడు అన్నారు, ఆ సినిమా రిలీజే కాలేదు. నేర్చుకోలేదా అంటే నేర్చుకున్నా, అబద్ధం చెప్పను. కంటిన్యుటీ అంటే ఏందో ఆడే తెలిసింది, హీరో చొక్కా పై గుండీ పెట్టుకున్నాడా తీసినాడా, గ్లాసులో నీళ్ళు యాడిదాకా ఉండాయి, ఇవన్నీ రాసుకుంటే మూడు నెలల తర్వాత అదే సీను మిగతాది తీసేటప్పుడు అతుకుతాది. వందమంది యూనిట్టు పొద్దున ఆరింటికి ఎట్ల కదులుతాదో ఈడ కూర్చోని ఎవరూ నేర్చుకోలేరు. కానీ అయిదేళ్ళలో ఒక్క షాటు నేను పెట్టింది లేదు, ఒక ఆర్టిస్టుతో సీను గురించి మాట్లాడింది లేదు. సొంతంగా రాసుకున్నది పదకొండు పేజీలు. ఇంటికొచ్చినాక ఆర్నెల్లలో అంతకు పదింతలు రాసినా.

ఎడిటింగక్క:
మీరిద్దరూ పో, ఉండు అని కొట్లాడుకుంటాండారు, ఆడపిల్లకు ఆ మొదటి మాట ఎవరూ చెప్పరు తెలుసా. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు హైదరాబాద్ పోతానంటే ఇంట్లో మూడు రోజులు ఎవరూ అన్నం తినలేదు. రాత్రి రెండింటికి షూటింగు అయిపోతే రూముకు ఎట్ల వస్తావు అని మా అమ్మ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఈ రోజుకూ లేదు. అందుకే కడపలోనే ఇంట్లో కూర్చోని డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేరు నేర్చుకున్నా, దాంట్లో ఫ్రీగా వచ్చేదే మొదలుపెట్టేవాళ్ళకు చాలు. పెళ్ళి వీడియోలతో ఇల్లు గడుస్తాది, మధ్యలో షార్ట్ ఫిలిములు చేస్తా. ఈడ పని పెరగాల అని నేను ఇంత గట్టిగా అనేది అందుకే. నాలాంటోళ్ళకు ఇంకో ఊరు లేదు.

ప్రొద్దుటూరు తమ్ముడూ, నీ రెండో సినిమా పోయింది కథ బాగలేక కాదు, సౌండ్ వల్ల. మనోళ్ళందరూ అప్పు చేసైనా లెన్సు కొంటారు, మైకు కొనరు. బొమ్మ కొంచెం మసకగా ఉంటే జనాలు చూస్తారు, మాట వినపడకపోతే నిమిషంలో తీసేస్తారు. ఇంట్లో తీసేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్జు ఆపెయ్. కాలర్ మైకు ఇంకో ఫోనుకు పెట్టి ఆ ఫోను ఆర్టిస్టు జేబులో వెయ్. సీను అయినాక ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకండ్లు ఆ గది సౌండు ఊరికే రికార్డు చెయ్, ఎడిటింగులో మాటల మధ్య సందులు దాంతోనే పూడ్చేది.

రాజంపేట పంతులు:
కెమెరాల గురించే మాట్లాడుతున్నారు గాని చూసేవాళ్ళ గురించి ఎవరూ అనలేదు. సురభి నాటకం పుట్టిందే మన జిల్లాలో, సురభి అనే పల్లెలో, 1885లో వనారస గోవిందరావు కుటుంబం కీచకవధ ఆడింది. 1932లో మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేసింది సురభి కమలాబాయే. అంటే తెలుగు సినిమాకు మొదటి గొంతుల్లో ఒకటి ఈ సురభి పేరుతోనే వచ్చింది. మరి ఆ కుటుంబాలు ఇప్పుడు ఎక్కువగా హైదరాబాద్‌లో ఎందుకు ఉన్నాయి? ఈడ కళ లేక కాదు నాయనా, టికెట్టు కొని చూసేవాళ్ళు, ఆడించేవాళ్ళు లేక.

నెలకొకసారి ఒకచోట కూర్చోని మనోళ్ళు తీసినవి పెద్ద తెర మీద చూసి, మొహమాటం లేకుండా మాట్లాడుకుంటే సగం చదువు అదే. ఎర్రముక్కపల్లి బ్రౌన్ లైబ్రరీ వాళ్ళను అడగొచ్చు. ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2020లో కడపకే వచ్చింది కదా, ఆ పిల్లలు బొమ్మలేస్తారు, మీకు స్టోరీబోర్డు, అంటే షాట్లు ముందే బొమ్మలుగా వేసుకునేది, కావాల, ఇంతవరకు ఒక్కరన్నా పోయి కలిసినారా?

గండికోట గాలి:
సార్ మాట ఒప్పుకుంటా. కానీ తీసినాక బయటికి ఎట్ల తెస్తారు? 2018లో కేరాఫ్ కంచరపాలెం ఆ ఊరోళ్ళనే పెట్టి తీసినారు, ఎంత బాగుండింది. అయినా డబ్బులు పెట్టినామె అమెరికా నుంచి వచ్చింది, రానా ముందుకొచ్చి సమర్పించినాకనే థియేటర్ల దాకా పోయింది. ఆఖరికి హైదరాబాద్ తలుపు తట్టాల్సిందే.

ఇంకోటి, నాకు చానా ఏండ్లుగా కడుపులో ఉండే బాధ. 1999లో సమరసింహారెడ్డి ఆడినప్పటి నుంచి సీమ అంటే సుమోలు, బాంబులు, తొడ కొట్టడం. బయట చదువుకునే మా పిల్లోణ్ణి కూడా మీ ఊర్లో బాంబులేస్తారా అని అడిగినారు. వాన కోసం మొబ్బు చూసే రైతు లేడా ఈడ? లోపల మనోళ్ళు ఉంటేనే అది మారేది.

తిరిగొచ్చిన ఏడీ:
ఆ బాధ నాదీ అన్నా. కానీ లోపల ఉన్నా మారలేదు, నేను చూసినా. ఒక డబ్బింగులో మా పక్క ఇట్ల అనరు సార్, ఇంత గట్టిగా అరవరు అని చెప్పినా. సీమ అంటే ఆ మాత్రం ఉండాల్లే, నువ్వు పేపర్లు చూసుకో అన్నారు. కింద ఉండే అసిస్టెంటు మాట ఎవరు వింటారు? అదే ఈడ నా కెమెరా ముందర మా అమ్మ మాట్లాడితే ఆపేవాళ్ళు లేరు. అందుకే నేననేది, ముందు ఈడ ఒకటన్నా నీ మాటలో పూర్తిగా తీసి, అది చేతిలో పట్టుకోని పో. ఉత్త చేతులతో పోయినోడికి, పని చూపిస్తూ పోయినోడికి చానా తేడా ఉంటాది.

తమ్ముడూ, ఆషాఢంలోనో మూఢంలోనో పెట్టుకో, పెళ్ళిళ్ళు ఉండవు, కెమెరాలు ఖాళీగా ఉంటాయి, సగం రేటుకే ఇస్తారు, తెలిసినోళ్ళైతే పెట్రోలు డబ్బులకే వస్తారు. గండికోటలో తీయాలంటే మాత్రం ముందే పురావస్తు శాఖ పర్మిషను తీసుకో, పోయినాక చూసుకుందాంలే అనుకోవద్దు.

ప్రొద్దుటూరు పిల్లోడు:
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి మా ఫ్రెండును ఎర్రగుంట్లలో రైలెక్కించి వచ్చినా, వచ్చేటప్పుడు ఏడుపొచ్చింది, ఆ మాట దాచిపెట్టను. ఆషాఢం దాకా ఈడే ఉంటా. పన్నెండు నిమిషాల కథ ఉండాది, ఒక అవ్వ విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తా వానకోసం చూస్తాంటాది. అది అయినాక పోయేది గురించి మా నాయనతో మళ్ళీ మాట్లాడతా. డెబ్బై దాటిన అవ్వ ఒకామె కావాల, మైదుకూరు, ప్రొద్దుటూరు పక్క ఎవరన్నా ఉంటే చెప్పండి. పంతులు సార్, బ్రౌన్ లైబ్రరీకి ఎప్పుడు పోదాం?

ఎడిటింగక్క:
మా మేనత్త ఉండాది, మైదుకూరు దగ్గరే, డెబ్బై నాలుగేండ్లు, అడిగి చెప్తా. నా కాలర్ మైకు తీసుకుపో. శెనక్కాయ పగిలే చప్పుడు మాటల్తో పాటు కాదు, విడిగా, మైకు చేటకు దగ్గరగా పెట్టి రికార్డు చెయ్. ఎడిటింగు నేను చేస్తా.