జాజ్ బ్యాండ్ పార్టు రికార్డింగ్‌తో అస్సలు కలవడం లేదు, శనివారమే ప్రోగ్రాం. సాయం చేయండి

ఓరుగల్లు_22 (రాత్రి 11:10)

అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదకొండు దాటింది. ఇంక బుర్ర పని చేయడం లేదు.

నేను అమెరికాలో మా యూనివర్సిటీ బిగ్ బ్యాండ్‌లో వాయిస్తున్నాను. చదివేది కంప్యూటర్ సైన్స్, మ్యూజిక్ కాదు, ఆడిషన్ ఇచ్చి చేరాను. శనివారం ఒక పేరున్న ట్రంపెట్ ఆర్టిస్ట్ గెస్ట్‌గా వస్తున్నారు. ఆయన పాటలు ఆరు మేం ఆయనతో కలిసి వాయించాలి. ఐదు చక్కగా వచ్చేశాయి. మూడో పాట మాత్రం, ఆయన పంపిన రికార్డింగ్ హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని వాయిస్తుంటే ఒక్క స్వరం కలవదు. రీడ్ మార్చాను. మౌత్‌పీస్ లోపలికి తోశాను, బయటికి లాగాను. ట్యూనర్ పెడితే అంతా కరెక్టే అంటోంది. ఏదో ఒక్క చోట తేడా వస్తే ప్రాక్టీస్ తక్కువ అనుకోవచ్చు, మొదటి బార్ నుంచీ అంతే. పంపిన రికార్డింగే తేడాగా ఉందంటారా?

రేపు నాలుగింటికి ఆయనతో మొదటి రిహార్సల్. నా వల్ల మా డైరెక్టర్‌కి మాట రాకూడదు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

చెన్నై_వయొలిన్ (11:16)

ఏ వాయిద్యం? పార్టు ఎక్కడిది?

నాదోపాసన (11:31)

నాయనా, ట్యూనర్ అనే ఆ యంత్రాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఈ తరం పిల్లలందరిదీ ఇదే సమస్య, సూది ఆకుపచ్చ గీత మీద నిలబడితే శ్రుతి కలిసినట్టే అనుకుంటారు. తంబూరా పెట్టుకుని రోజూ పొద్దున్నే ఒక అరగంట ఒక్క షడ్జమమే ఊదండి. చెవి దానంతట అదే తెరుచుకుంటుంది.

రీడ్ అన్నారు కాబట్టి శాక్సోఫోన్ అనుకుంటున్నాను. కద్రి గోపాలనాథ్ గారిని విన్నారా? నాదస్వరం ఇంట్లో పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండ్‌లో శాక్సోఫోన్ విని, దాని మీదే గమకం పలికించాలని ఏళ్ళ తరబడి సాధన చేసిన మనిషి. 2019లో పోయారు. ఆయనా, అమెరికా ఆల్టో విద్వాంసుడు రుద్రేశ్ మహంతప్ప కలిసి చేసిన 'కిన్స్‌మెన్' ఆల్బమ్ 2008లో వచ్చింది. రెండూ ఆల్టోలే, చేతులు వేరు. ఒకరు స్వరాన్ని ఊపితే ఇంకొకరు దాన్ని కోస్తారు. ముందు అది వినండి. తరవాత మీ పాట అదే వస్తుంది.

ఓరుగల్లు_22 (11:40)

ఆల్టో శాక్స్ అండి, రెండో ఆల్టో. చెప్పాననే అనుకున్నాను. కద్రి గారిని చిన్నప్పుడు టీవీలో విన్నాను, తప్పకుండా మళ్ళీ వింటాను. కానీ నాకు రేపు నాలుగింటికల్లా ఈ ఒక్క పాట కావాలి.

చెన్నై_వయొలిన్ (11:42)

రెండో ప్రశ్నకి జవాబు రాలేదు.

లయ_రాజమండ్రి (11:55)

బ్రదర్, స్వరం స్వరం అంటున్నావు, అసలు తాళం చూశావా? నేను మృదంగం నేర్చుకుంటున్నాను. జాజ్ అంటే నాలుగే అనుకుని మొదలుపెడితే మొదటి బార్ నుంచీ కలవనట్టే ఉంటుంది. డాన్ ఎల్లిస్ అని ఒక ట్రంపెట్ ఆయన, 1960లలో సితార్ విద్వాంసుడు హరిహరరావు గారి దగ్గర మన తాళాలు నేర్చుకుని తన బిగ్ బ్యాండ్ చేత వాయించాడు. 1966లో మాంటెరీ జాజ్ ఫెస్టివల్లో 19 మాత్రల పాట ఒకటి ఉంది, దాని పేరే లెక్క: 33 222 1 222. కూడి చూడు, 19 వస్తుంది. చేత్తో వేస్తూ విన్నాను, మొదట్లో ఆ మధ్యలో వచ్చే ఒకటి దగ్గర ప్రతిసారీ తప్పేవాణ్ణి. మీ గెస్ట్ కూడా ట్రంపెట్టే కదా, అలాంటిదేదో ఇచ్చి ఉంటారు. వేళ్ళ మీద లెక్క పెట్టు ముందు.

ఓరుగల్లు_22 (రాత్రి 12:08)

తాళం కాదన్నా, మామూలు నాలుగే. డ్రమ్స్‌తో సరిగ్గా పడుతున్నాను.

పార్టు సంగతి: ఆ ఒక్క పాటకి నా ఫోల్డర్‌లో కాగితం లేదు. మిగతా అందరికీ ఉంది. పార్టులు చూసే అతన్ని అడిగితే రేపు వెతుకుదాం అన్నాడు. అందుకని డైరెక్టర్ స్టాండ్ మీద ఉన్న, అందరి లైన్లూ ఒకేచోట ఉండే పెద్ద స్కోరులో నా లైన్‌ని ఫోన్‌తో ఫోటోలు తీసుకున్నాను. పైనుంచి రెండో గీత, 'ఆల్టో 2' అని స్పష్టంగా ఉంది. మొత్తం 14 ఫోటోలు. ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూసే వాయిస్తున్నాను, కాబట్టి స్వరాలు తప్పు చదివే అవకాశం లేదు. లైన్ మొదట్లో, కీ సిగ్నేచర్‌లో, నాలుగు ఫ్లాట్లు.

చెన్నై_వయొలిన్ (12:11)

పియానో లైన్‌కి ఎన్ని ఫ్లాట్లు?

ఓరుగల్లు_22 (12:13)

అదీ నాలుగే. అందరికీ నాలుగే.

కాకినాడ_క్లారినెట్ (12:26)

బాబూ, అదీ సంగతి. నీ చెవి బాగానే ఉంది, రికార్డింగూ బాగానే ఉంది. నీ ముందున్న కాగితం నీది కాదు.

ముప్పై ఏళ్ళు పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించాను. నా పక్కన నిలబడేవాడిది ఆల్టో. ఇద్దరం ఒకే సినిమా పాట, ఒకే శ్రుతిలో పలికించాలి. నా క్లారినెట్ మీద నేను సి వేళ్ళు పెడితే బయటికి బి-ఫ్లాట్ వస్తుంది, ఆరున్నర శ్రుతి. వాడు ఆల్టో మీద అవే సి వేళ్ళు పెడితే ఈ-ఫ్లాట్ వస్తుంది, రెండున్నర శ్రుతి. కొత్తగా చేరిన కుర్రాడు నా కాగితం చూసి ఆల్టో ఊదితే పెళ్ళికొడుకు గుర్రం కూడా ఆగిపోయేది.

ఇప్పుడు నువ్వు చేస్తున్నది అంతకంటే దూరం. ఆ స్కోరులో అందరి లైన్లూ చెవికి ఎలా వినపడాలో అలా రాసి ఉన్నాయి. పియానో వాయించేవాడు అందులో ఏది చూస్తే అదే మోగుతుంది. నీకలా కాదు.

నాదోపాసన (12:38)

క్లారినెట్ గారూ, మీ అనుభవానికి నమస్కారం. కానీ 'ఆల్టోది రెండున్నర శ్రుతి' అనడం సరికాదు. శ్రుతి అంటే ఆధార షడ్జమం. పాడేవాళ్ళు ఎంచుకునేది. వాయిద్యం పుట్టుకతో తెచ్చుకునేది కాదు. గోపాలనాథ్ గారు అదే ఆల్టో మీద ఏ స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుంటే అదే శ్రుతి అయ్యేది. మీరు చెబుతున్నదాన్ని మన సంప్రదాయంలో గ్రహభేదం అంటారు.

చెన్నై_వయొలిన్ (12:41)

గ్రహభేదం కాదు. రాగం మారదు.

నాదోపాసన (12:52)

మొదటి స్వరం స్థానం మారుతోంది కదండీ. అది గ్రహం మారడం కాక మరేమిటి?

డాలస్_టెనర్ (12:58)

తమ్ముడూ, పెద్దవాళ్ళ చర్చ అలా సాగనివ్వు, నీకు టైం లేదు కాబట్టి పని చెప్తాను. నేను కాలేజీలో నాలుగేళ్ళు రెండో టెనర్ వాయించాను, ఈ ఫోటోల పని నేనూ ఒకసారి చేశాను.

జాజ్ అరేంజర్లు చాలామంది డైరెక్టర్‌కి కన్సర్ట్ స్కోరే (చెవికి వినపడే స్వరాలే రాసినది) ఇస్తారు, మూలన ఎక్కడో చిన్నగా 'సి స్కోర్' అని ఉంటుంది చూడు. లేకపోయినా గుర్తు ఇదే: పియానోకీ ఆల్టోకీ ఒకే కీ సిగ్నేచర్ ఉంటే అది కన్సర్ట్. విడి పార్టుల్లో మాత్రం ఎవరి వాయిద్యానికి తగ్గట్టు వాళ్ళకి మార్చి రాసి ఉంటుంది. మిగతా ఐదు పాటలు నీకు సరిగ్గా రావడానికి కారణం అదే.

ఆల్టోకి ప్రతి స్వరాన్నీ మేజర్ సిక్స్త్ పైకి రాయాలి, అంటే 9 సెమీటోన్లు (హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి 9 మెట్లు). కీ సిగ్నేచర్‌కి మూడు షార్పులు కలుపు. నాలుగు ఫ్లాట్లలో మూడు పోయి ఒక్క ఫ్లాట్ మిగులుతుంది. స్కోరులో ఏ-ఫ్లాట్ మేజర్, నీకు ఎఫ్ మేజర్. స్కోరులో ఏ-ఫ్లాట్, సి, ఈ-ఫ్లాట్, ఎఫ్ అని ఉంటే నువ్వు ఎఫ్, ఏ, సి, డి రాసుకో.

రెండు చోట్ల జాగ్రత్త. 'మూడు సెమీటోన్లు కిందికి' అని కొందరు చెప్తారు. స్వరం పేరు సరిగ్గానే వస్తుంది, కానీ ఆక్టేవ్ కింద పడతావు, సెక్షన్ మొత్తం బురదలా వినిపిస్తుంది. రెండోది యాక్సిడెంటల్స్, అంటే స్వరం పక్కన విడిగా పెట్టే షార్ప్, ఫ్లాట్, నాచురల్ గుర్తులు. స్కోరులో బి పక్కన నాచురల్ ఉంటే నీకు అది జి-షార్ప్ అవుతుంది, గుర్తు చూసి అలాగే ఎత్తి రాయకు. ఈ పాటల్లో బ్లూస్ రంగంతా ఆ ఒకటి రెండు స్వరాల్లోనే ఉంటుంది.

చేత్తో రాయలేకపోతే మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆల్టో శాక్స్ పెట్టి, 'కన్సర్ట్ పిచ్' బటన్ నొక్కి, ఫోటోలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించు. తరవాత బటన్ తీసేయ్. నీ పార్టు వస్తుంది.

లయ_రాజమండ్రి (1:07)

అసలు ఇంత తలనొప్పి ఎందుకు పెట్టారక్కా? అందరికీ ఒకే కాగితం ఉంటే పోయేది కదా. మృదంగానికి ఈ గొడవే లేదు.

డాలస్_టెనర్ (1:15)

ఉన్నదానికి మంచి కారణమే ఉంది. అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంట్ తీసుకున్నప్పుడే దీన్ని చిన్నా పెద్దా వాయిద్యాల కుటుంబంగా చేశాడు. ఆల్టో, బ్యారిటోన్ ఈ-ఫ్లాట్, టెనర్ బి-ఫ్లాట్. రాసిన సి చూస్తే ఏ శాక్స్ మీదైనా అవే వేళ్ళు. అందుకే నేను టెనర్ పక్కన పెట్టి ఆల్టో అందుకున్నా వేళ్ళు కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. ఆ లెక్కంతా కాగితం మోస్తుంది. కాగితం మారితే మాత్రం ఇదిగో, ఇలా అవుతుంది.

కాకినాడ_క్లారినెట్ (1:20)

అమ్మాయి సరిగ్గా చెప్పింది. మాకు కాగితమే ఉండేది కాదు, అంతా చెవే. శ్రుతి మాట గురించి నాదోపాసన గారు అన్నది శాస్త్రం కావచ్చు. హార్మోనియం మెట్లు లెక్కపెట్టి ఒకటిన్నర, రెండున్నర అని చెప్పుకుంటేనే మేళంలో పదిమందికీ పని జరిగేది. మాకు ఆ మాటే అన్నం పెట్టింది.

ఓరుగల్లు_22 (2:34)

అక్కా, వచ్చింది! మ్యూజ్‌స్కోర్‌లో ఎక్కించాను. మొదటి నాలుగు స్వరాలు రికార్డింగ్‌తో కలిసినప్పుడు నిజంగా కళ్ళు చెమర్చాయి. జి-షార్ప్ మీరు చెప్పిన చోటే ఉంది.

కానీ కాగితం మీద భాగాలకి గుర్తుగా పెట్టిన అక్షరాల్లో 'డి' దాటాక మళ్ళీ పోతోంది. స్వరాలు బాగానే ఉన్నాయి, చోటే తప్పుతోంది. కాగితం మీద ఆ భాగం ఒక్కసారే ఉంది, రికార్డింగ్‌లో గెస్ట్ గారు ఎంతసేపో వాయిస్తూనే ఉన్నారు. నేను పేజీ చివరికి వచ్చేసరికి ఆయన ఇంకా మధ్యలో ఉంటున్నారు.

డాలస్_టెనర్ (2:41)

ఇంకా మెలకువగానే ఉన్నాను. ఆ భాగం పైన 'ఓపెన్' అనో, 'ఆన్ క్యూ' అనో ఉందా? ఫోటో అంచుల్లో చూడు. స్కోరులో అలాంటి మాటలు పైన ఒక్కచోటే రాస్తారు, నీ లైన్ మటుకే ఫోటో తీస్తే అవి తెగిపోతాయి.

ఓరుగల్లు_22 (2:44)

మూడో ఫోటో పై అంచున '...పెన్' అని సగం అక్షరాలు ఉన్నాయి. దాని పక్కన '2 ఎక్స్' అని కూడా ఏదో ఉంది.

డాలస్_టెనర్ (2:57)

అయితే అది గెస్ట్ సోలో. కింద పియానో, బేస్, డ్రమ్స్ అదే భాగాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పుతుంటారు. ఆయన ఎన్ని చుట్లు తీసుకుంటే అన్ని. రికార్డింగ్‌లో ఐదు ఉంటే శనివారం మూడే ఉండొచ్చు, హాలు బాగా స్పందిస్తే ఎనిమిదీ ఉండొచ్చు. ఎన్నని ముందుగా ఆయనకీ తెలియదు. కాబట్టి రికార్డింగ్ చూసి చుట్లు లెక్కపెట్టుకుని వెళ్ళకు, మోసపోతావు.

మీ శాక్సులకు ఆ భాగంలో ఉన్నవి బ్యాక్‌గ్రౌండ్స్, ఆయన వెనక పరిచే పలుచని తివాచీ లాంటివి. '2 ఎక్స్' అంటే మామూలుగా రెండో చుట్టులోనే వాయించమని. కానీ గెస్ట్ వచ్చినప్పుడు డైరెక్టర్లు దాన్ని తీసేసి 'నేను చెయ్యి చూపించినప్పుడే' అంటారు. రేపు రిహార్సల్ మొదట్లోనే మీ డైరెక్టర్‌ని అడుగు. చివరి చుట్టుకి ఏ సైగ చేస్తారో కూడా అడుగు, ఒక్కొక్కరిది ఒక్కో తీరు. మా డైరెక్టర్ పిడికిలి ఎత్తేవారు. నేను కాగితం చూస్తూ అది చూడలేదు, ఒక ప్రోగ్రాంలో కోడాకి (ముగింపు భాగానికి) అందరూ వెళ్ళిపోతే నేనొక్కదాన్నే వెనక్కి తిరిగాను. ఆ బార్ ఇప్పటికీ నా చెవిలో ఉంది. అందుకే ఇంత రాస్తున్నాను. ఆ రెండు పేజీలూ బట్టీ పట్టు, తల పైకెత్తి ఉంచు.

ఇంకొకటి. నువ్వు రెండో ఆల్టో, పక్కనే లీడ్ ఆల్టో ఉంటారు. స్వరం ఎక్కడ ఆపుతున్నారో, ఎక్కడ కిందికి జారుస్తున్నారో ఆ మనిషినే పట్టుకో, రికార్డింగ్‌ని కాదు. ఐదుగురూ ఒకే ఊపిరి తీసినట్టు ఉంటేనే అది సెక్షన్. బ్యాక్‌గ్రౌండ్స్‌లో నీకు గెస్ట్ గారి ట్రంపెట్ వినపడలేదంటే నువ్వు ఎక్కువ ఊదుతున్నట్టు లెక్క.

చెన్నై_వయొలిన్ (ఉదయం 6:20)

పొద్దున్నే వెళ్ళి అసలు పార్టు కూడా వెతికించండి. ఫోటోలో తెగిపోయినవి ఇంకా ఉంటాయి.

నాదోపాసన గారికి: మోహనంలో రిషభాన్ని షడ్జమం చేస్తే మధ్యమావతి. స్వరాలు కదలవు, షడ్జమం కదులుతుంది. అది గ్రహభేదం. ఇక్కడ అన్ని స్వరాలూ ఒకే దూరం జరుగుతాయి. మోహనం మోహనంగానే ఉంటుంది.

నాదోపాసన (7:05)

అంగీకరిస్తాను, గ్రహభేదం అనడం నా పొరపాటు. కానీ అప్పుడు దీనికి తెలుగులో మాట ఏమిటి? 'శ్రుతి మార్పు' అందామంటే ఇక్కడ చెవికి వినిపించే శ్రుతి మారడం లేదు, రాతే మారుతోంది. ఎవరైనా ఆలోచించండి.

కాకినాడ_క్లారినెట్ (7:30)

మేము 'వేళ్ళు మార్చడం' అనేవాళ్ళం.

ఓరుగల్లు_22 (మధ్యాహ్నం 3:41)

పార్టు దొరికింది, ట్రోంబోన్ ఫోల్డర్‌లో ఉంది. నేను రాసుకున్నదానికీ దానికీ రెండు స్వరాలే తేడా. లోపలికి వెళ్తున్నా. అందరికీ థాంక్స్.

లయ_రాజమండ్రి (రాత్రి 9:15)

ఎన్ని చుట్లు తీసుకున్నారు బ్రదర్?

నాదోపాసన (9:48)

వేళ్ళు మారడం లేదు కదండీ, క్లారినెట్ గారూ. ఒక శాక్స్ నుంచి ఇంకోదానికి వెళ్ళినా వేళ్ళు అవేనని ఆ అమ్మాయి పైన రాసింది. మారేది రాత. 'రాత మార్పు' అంటే ఎలా ఉంటుంది?