స్టీమ్ డెక్: దూరప్రయాణంలో బ్యాటరీ నిలవాలంటే ఏ సెట్టింగు ముందు మార్చాలి?

మియాపూర్_వాసి
నా దగ్గర ఉన్నది 2022లో వచ్చిన ఎల్‌సీడీ స్టీమ్ డెక్, చేత్తో పట్టుకుని పీసీ ఆటలు ఆడుకునే పరికరం. శుక్రవారం రాత్రి విజయవాడ వెళ్లేటప్పుడు బస్సులో ఆడుకోవచ్చన్న ఉద్దేశంతో, అమెరికా నుంచి వస్తున్న మా బావగారి చేత తెప్పించుకున్నాను. ఇంట్లో చార్జర్ తగిలించి ఆడినంతసేపు ఏ ఇబ్బందీ లేదు గానీ, మియాపూర్‌లో బస్సెక్కి సైబర్‌పంక్ 2077 అనే భారీ ఆట మొదలుపెడితే చౌటుప్పల్ దాటి నార్కట్‌పల్లి చేరేలోపే బ్యాటరీ అయిపోతోంది. సీటు పక్కనున్న చార్జింగ్ పాయింటు పనిచేస్తుందా లేదా అన్నది ఆ రోజు అదృష్టం. గ్రాఫిక్స్ అన్నీ తక్కువకు దించి చూశాను. బొమ్మ పాడైంది తప్ప బ్యాటరీ పెద్దగా మిగల్లేదు. దేన్ని ముందు మార్చాలో, దేన్ని ముట్టుకోకుండా వదిలేయాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

కూకట్‌పల్లి_కన్సోల్
గ్రాఫిక్స్ దించినా బ్యాటరీ మిగలకపోవడానికి కారణం ఉందండీ. మీరు ఫ్రేమ్‌రేటుకు (సెకనుకు గీసే బొమ్మల, అంటే ఫ్రేముల సంఖ్యకు) పరిమితి పెట్టకుండా గ్రాఫిక్స్ మాత్రమే తగ్గిస్తే, చిప్పు తనకు మిగిలిన శక్తితో సెకనుకు మరిన్ని ఫ్రేములు గీస్తుందే గానీ విశ్రాంతి తీసుకోదు. 35 వచ్చేచోట 50 వస్తాయి, ఖర్చయ్యే వాట్లు మాత్రం దాదాపు అక్కడే ఉంటాయి. కాబట్టి ముందు పరిమితి, ఆ తర్వాతే గ్రాఫిక్స్.

రెండో విషయం, బ్యాటరీ శాతాన్ని కాక వాట్లను చూడడం అలవాటు చేసుకోండి. కుడివైపు మూడు చుక్కల బటన్ నొక్కి, పెర్ఫార్మెన్స్ పేజీలో ఓవర్‌లేను (ఆట మీదే అంకెలు చూపే పట్టీని) పై స్థాయికి పెడితే, బ్యాటరీ నుంచి ఆ క్షణంలో ఎన్ని వాట్లు పోతున్నాయో తెర మీదే కనిపిస్తుంది. మీ ఎల్‌సీడీ మోడల్ బ్యాటరీ 40 వాట్ అవర్లు. 20 వాట్లు పోతుంటే రెండు గంటలు, 10 వాట్లు పోతుంటే నాలుగు గంటలు. ఈ లెక్క తెలిశాక ఏ సెట్టింగు నిజంగా పనిచేస్తోందో, ఏది పేరుకే ఉందో ఎవరినీ అడగక్కర్లేదు.

తార్నాక_రాత్రిబండి
పరిమితి ఎంత పెట్టాలన్నదే అసలు ప్రశ్న. నా ఓటు 40కి. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 33.3 మిల్లీసెకన్లు, 60 అంటే 16.7. నలభైకి 25 మిల్లీసెకన్లు, అంటే వ్యవధి పరంగా ఆ రెండింటికీ సరిగ్గా నడిమధ్య. అందుకే 30 నుంచి 40కి మారినప్పుడు, అంకెలో తేడా చిన్నదే అయినా, చేతికి తెలిసే తేడా చాలా ఎక్కువ. అయితే తెర రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో చెప్పే హెర్ట్జ్ అంకె) కూడా దానికి తగ్గట్టు ఉండాలి. 60 హెర్ట్జ్ తెర మీద 40 ఫ్రేములు ఆడిస్తే కొన్ని ఫ్రేములు ఒకసారీ, కొన్ని రెండుసార్లూ కనిపించి కెమెరా తిప్పినప్పుడల్లా కుదుపు వస్తుంది. ఎల్‌సీడీ తెరను 40 హెర్ట్జ్ దాకా దించవచ్చు గనుక మీకు ఆ బాధ లేదు. నాది డెక్‌లోనే ఓఎల్‌ఈడీ మోడల్. దాని తెర 90 హెర్ట్జ్ దాకా వెళ్తుంది, దాన్ని 80 దగ్గర ఉంచి ప్రతి ఫ్రేమునూ రెండేసి సార్లు చూపించడం ద్వారా అదే ఫలితం వస్తుంది.

ఓఎల్‌ఈడీలో బ్యాటరీ 50 వాట్ అవర్లు, చిప్పు కూడా తక్కువ శక్తి తాగే 6 నానోమీటర్లది కాబట్టి నా గంటలను మీ గంటలతో పోల్చుకోకండి.

కూకట్‌పల్లి_కన్సోల్
నలభై చాలా ఆటలకు సరే. కానీ ఆయన ఆడుతున్న ఆటలో జనం కిక్కిరిసిన వీధుల్లోకి వెళ్తే ఎల్‌సీడీ డెక్ మీద 40 నిలబడడం కష్టం. అటూ ఇటూ ఊగే 40 కన్నా కదలని 30 నయమని నా అభిప్రాయం.

ఏఎస్‌రావునగర్_పిక్సెల్
ఇక గ్రాఫిక్స్ సంగతి. అన్నింటినీ ఒకేసారి కిందికి లాగడమంత అనవసరమైన పని మరొకటి లేదు. టెక్స్చర్లు (వస్తువుల ఉపరితలాల మీద అతికించే బొమ్మలు) ప్రధానంగా మెమరీకి సంబంధించినవి; డెక్‌లో ఉన్న 16 జీబీలో అవి పట్టినంతవరకు, వాటిని తగ్గించడం వల్ల కలిసొచ్చే వాట్లు నామమాత్రం, పోయేది మాత్రం గోడల మీద, ముఖాల మీద కనిపించే వివరమంతా. దించవలసినవి వేరే ఉన్నాయి: నీడల నాణ్యత, పొగమంచు, ప్రతిబింబాలు, మూలల్లో చీకటిని లెక్కగట్టే యాంబియెంట్ అక్లూజన్. ఏడు అంగుళాల తెర మీద నీడల విషయంలో హైకీ మీడియంకీ తేడా వెతికితే తప్ప కనిపించదు. కాంతి కిరణాలను లెక్కగట్టే రే ట్రేసింగ్ గురించి చర్చే అక్కర్లేదు, ఆపేయండి. జనసాంద్రత అన్న సెట్టింగు ఉంటే దాన్ని తప్పక దించండి, ఎందుకంటే ఆ భారం బొమ్మ గీసే జీపీయూ మీద కాక ప్రాసెసర్ మీద పడుతుంది, రిజల్యూషన్ ఎంత తగ్గించినా అది తగ్గదు.

మీ ఆటలో స్టీమ్ డెక్ పేరుతోనే ఒక ప్రీసెట్ (ముందే కూర్చిపెట్టిన సెట్టింగులు) ఉంది. దానితో మొదలుపెట్టి, పైన చెప్పినవాటిలో ఒక్కొక్కటే మారుస్తూ వాట్లు గమనించండి. ఎఫ్‌ఎస్‌ఆర్‌ను (బొమ్మను తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసే పద్ధతిని) మరీ కింది స్థాయికి దించితే 1280 బై 800 తెర మీద వెంట్రుకలు, కంచె తీగలు మెరుస్తూ పాకుతున్నట్టు కనిపిస్తాయి. నేనైతే క్వాలిటీ కంటే కిందికి వెళ్లను.

నారాయణగూడ_నింపాది
పై సలహాలన్నీ పెద్ద ఆటలకు. స్టార్‌డ్యూ వ్యాలీ వంటి తేలిక ఆటలకు టీడీపీ పరిమితిని (చిప్పు వాడుకోగల గరిష్ఠ వాట్లను) 15 వాట్ల నుంచి నాలుగైదుకు దించినా ఆట ఏమాత్రం తడబడదు, బ్యాటరీ గంటలకొద్దీ వస్తుంది. పెద్ద ఆటల్లో మాత్రం దీన్ని బిగించి పెట్టవద్దు. ప్రాసెసర్, జీపీయూ రెండూ పంచుకునే శక్తి అది. మామూలు సన్నివేశంలో సరిపోయిన పరిమితి, పేలుళ్లూ పరుగులూ ఉన్నచోట చాలక ఆట ఆగి ఆగి నడుస్తుంది. ఆటకో ప్రొఫైల్ అన్న బటన్ నొక్కి పెట్టుకుంటే ఒకదాని పరిమితి మరొకదానికి అంటదు.

మణికొండ_ఆలై
నాది డెక్ లాంటిదే, 2023 నాటి ఆర్‌ఓజీ ఆలై. బ్యాటరీ ఇందులోనూ 40 వాట్ అవర్లే గానీ, టర్బో అనే వేగ మోడ్‌లో చిప్పుకే 25 వాట్లు వెళ్తాయి. తెర, మెమరీ, ఫ్యానుల ఖర్చు దానికి అదనం కాబట్టి, టర్బో అన్నది గోడ ప్లగ్గు పక్కన కూర్చున్నప్పటి మాట. ప్రయాణంలో 10 వాట్ల సైలెంట్ మోడ్, రిజల్యూషన్ 1080 నుంచి 720కి. ఇందులో వీఆర్‌ఆర్ (ఫ్రేమ్‌రేటును బట్టి తెర రిఫ్రెష్ రేటు తానే మారే సౌకర్యం) ఉంది గనుక ఫ్రేమ్‌రేటు కొద్దిగా అటూ ఇటూ అయినా కంటికి తెలియదు.

రామంతాపూర్_డాబాగది
వేడి సంగతి ఎవరూ ఎత్తలేదు. డెక్ తయారీదారు చెప్పిన వాతావరణ పరిధి 35 డిగ్రీల దాకానే, అది దాటితే పరికరం తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకోవచ్చు. మే నెలలో మేడ మీది రేకుల గదిలో ఉండేవాళ్లకు 35 అన్నది తెల్లవారుజామున కనిపించే అంకె. అదే ఆట, అవే సెట్టింగులు, ఏసీ బస్సులో ఒకలా, నా గదిలో మధ్యాహ్నం ఒకలా నడుస్తాయి. గాలి వెనుకవైపు నుంచి లోపలికి వెళ్లి పైనుంచి బయటికి వస్తుంది కాబట్టి దుప్పటి మీదో దిండు మీదో ఆనించి ఆడవద్దు. ఎండాకాలానికి నేను 30 ఫ్రేముల ప్రొఫైల్ వేరుగా పెట్టుకున్నాను.

మియాపూర్_వాసి
అందరికీ ధన్యవాదాలు. ఆటలోని డెక్ ప్రీసెట్, 30 పరిమితి, జనసాంద్రత తక్కువ, టెక్స్చర్లు హై, లైట్లు ఆర్పాక తెర వెలుగు మూడోవంతుకు. వాట్లు 17 చుట్టూ ఉంటున్నాయి, సూర్యాపేటలో భోజనానికి ఆపేదాకా వస్తోంది. ఆ తర్వాతి దారికి పవర్‌బ్యాంకు కొనాలనుకుంటున్నాను. ఇంట్లో ఉన్న 22.5 వాట్లది సరిపోతుందా?

తార్నాక_రాత్రిబండి
డెక్ చార్జర్ 45 వాట్లది. ఆ 22.5 అన్నది చాలావరకు ఫోన్ల కోసం రాసే అంకె. డెక్ అడిగే పీడీ (యూఎస్‌బీ పవర్ డెలివరీ) చార్జింగ్ పద్ధతిలో అటువంటివి సాధారణంగా 18 లేదా 20 వాట్లు ఇస్తాయి. దానితో బ్యాటరీ నిండదు గానీ, మీరు 17 దగ్గర ఆడుతున్నారు కనుక తరగదు కూడా. అందువల్ల బ్యాటరీ అడుగంటేదాకా ఆగకుండా బస్సెక్కగానే తగిలించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, మార్పిడిలో పోయేది పోగా 60 చేతికొస్తుందనుకుంటే మూడున్నర గంటలు, ఆపైన డెక్ సొంత బ్యాటరీతో రెండు గంటల పైచిలుకు. కొత్తది కొనేట్లయితే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో పెట్టె మీద పీడీ 45 వాట్లని రాసి ఉన్నదే అడగండి, కేబుల్ కూడా టైప్ సీ నుంచి టైప్ సీకి ఉండాలి. 100 వాట్ అవర్లకు లోపు తీసుకుంటే విమానంలో చేతిసంచిలో పెట్టుకోవడానికీ అభ్యంతరం ఉండదు.