చర్చ: సాయంత్రం బడికి ట్రస్టు మేలా, సొసైటీ మేలా?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్ నుంచి):
పాలమూరు, అనంతపురం ప్రాంతాల నుంచి భవన నిర్మాణ పనులకు బెంగళూరు వచ్చిన కుటుంబాల పిల్లలకు మేము తొమ్మిదిమందిమి సాయంత్రాలు చదువు చెబుతున్నాము. గది అద్దెకూ బ్యాంకు ఖాతాకూ ఇప్పుడు ఒక సంస్థ అవసరమైంది. ట్రస్టు పెట్టాలా, సభ్యులతో నడిచే సొసైటీ పెట్టాలా? సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ) పెడితేనే సీఎస్ఆర్ నిధులు, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు, వస్తాయని కొందరు అంటున్నారు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

ట్రస్టు పక్షాన (జయనగర్ నుంచి):
ట్రస్టే మేలని నా అభిప్రాయం. ఇద్దరు ధర్మకర్తలుంటే చాలు, సబ్ రిజిస్ట్రార్ దగ్గర ట్రస్ట్ డీడ్ (ట్రస్టు నియమాల పత్రం) రిజిస్టరు చేయించుకోవచ్చు, ఎన్నికల తగాదాలుండవు. కంపెనీ అయితే, ఆ ఏడాది రూపాయి రాకపోయినా వార్షిక పత్రాలు దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో పత్రానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము పడుతుంది.

సొసైటీ పక్షాన (మల్లేశ్వరం నుంచి, వృత్తిరీత్యా ఆడిటర్‌ని):
ముందుగా సీఎస్ఆర్ సంగతి. సంస్థకు పన్ను మినహాయింపు, దాతలకు పన్ను రాయితీ ఇచ్చే నమోదులు (1961 ఆదాయపు పన్ను చట్టంలో 12ఏబీ, 80జీ) ట్రస్టు, సొసైటీ, కంపెనీ మూడు రూపాలకూ ఒకటే. వాటితో పాటు మూడేళ్ల పనితీరు, సీఎస్ఆర్-1 (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర చేసుకునే) నమోదు ఉంటే ట్రస్టుకైనా, సొసైటీకైనా ఆ నిధులు అందుతాయి. కాబట్టి ఆ కారణంతో కంపెనీ పెట్టనక్కరలేదు.

అసలు చూడవలసింది, సంస్థ దారి తప్పినప్పుడు బాధ్యులను తప్పించే వీలు ఎవరికుంటుందన్నది. నా దగ్గరికి వచ్చిన ఒక ట్రస్ట్ డీడ్‌లో "వ్యవస్థాపకులు యావజ్జీవం మేనేజింగ్ ట్రస్టీగా కొనసాగుదురు" అన్న ఒక్క వాక్యం ఉంది, సవరణకు వీలిచ్చే నిబంధన మాత్రం లేదు. లెక్కలు అడిగిన మిగతా ధర్మకర్తలకు చివరికి కోర్టే దిక్కయింది. కర్ణాటక 1960 సొసైటీల చట్టానికి ఏడుగురు సభ్యులు చాలు, మీరు తొమ్మిదిమంది ఉన్నారు. ఏటా సర్వసభ్య సమావేశంలో లెక్కలు పెట్టక తప్పదు.

ట్రస్టు పక్షాన:
అది ఆ డీడ్ రాసినవారి లోపం, ట్రస్టుది కాదు. పదవీకాలం ఐదేళ్లని, సవరణకు మూడింట రెండు వంతుల ఆమోదం కావాలని రాసుకోవచ్చు కదా?

సొసైటీ పక్షాన:
రాసుకోవచ్చు, ట్రస్టే పెట్టేవారు తప్పక రాసుకోవాలి కూడా. అయినా కొత్త ధర్మకర్తలను మామూలుగా ఎన్నుకునేది ఉన్న ధర్మకర్తలే. సొసైటీలో పిల్లల తల్లిదండ్రులు సభ్యులై ప్రశ్నించగలరు, ఓటు వేయగలరు. వారి బిడ్డల బడి విషయంలో వారికి ఆ హక్కు ఉండి తీరాలి.

ప్రశ్న వేసినవారు:
మాకూ అదే కావాలి. కానీ ఒక భవనం పూర్తికాగానే తల్లిదండ్రులు వేరే చోటికి వెళ్లిపోతారు. అప్పుడు సమావేశానికి కోరం (కావలసిన కనీస హాజరు) ఎలా వస్తుంది?

సొసైటీ పక్షాన:
సభ్యత్వం ఏడాదికే చెల్లుతుందని, పునరుద్ధరించుకోనివారు కోరం లెక్కలోకి రారని బైలాలలో (సొసైటీ నియమావళిలో) ముందే రాయండి. రుసుము ఆ కుటుంబాలు ఇచ్చుకోగలిగినంతే పెట్టండి.