‘గునేంటి’ – అయిన ఏడా, అవుతున్న ఏడా?

డేటా పిల్ల:
ఆఫీసులో కొత్తవాళ్ళకి ఆర్ ప్రోగ్రామింగ్ భాషని తెలుగులో నేర్పమన్నారు. అందులో తేదీల పనికి వాడే ప్యాకేజీ లూబ్రిడేట్. లూబ్రిడేట్‌లో ఫ్లోర్ డేట్, రౌండ్ డేట్, సీలింగ్ డేట్ ఉన్నాయి కదా. 2024 మార్చి 17ని నెలకి ఫ్లోర్ చేస్తే మార్చి 1, సీలింగ్ చేస్తే ఏప్రిల్ 1. ఫ్లోర్ అన్నదానికి తెలుగులో ‘కుదింపు’ అని రాశాను, నాకే నచ్చలేదు. అప్పట్నించీ ఒక ముక్క నోట్లో నానుతోంది. మా ఊరి గుళ్ళో రాతి మీద తాతయ్య నా వేలు పట్టుకుని చదివించేవారు: “శకవర్షంబులు వేయున్నూట...” తర్వాత ఏదో అంకె, ఆ తర్వాత “గునేటి”, ‘అగు ఏటి’ అన్నమాట. గునేటా, గునేంటా? అయిన ఏడా, అవుతున్న ఏడా? అయినదైతే ఫ్లోర్‌కి పాత మాట దొరికినట్టే.

నిండుసున్న:
గునేంటి. సందేహం లేదు. ఏఁడులో అరసున్న అప్పట్లో నిండుసున్నే, ‘ఏండ్లు’లో ఇంకా బతికే ఉంది. తాతగారు వాడుకకి దించి చదివారు.

గోదారి గట్టు:
అంకె పక్కన ఉత్త ‘గు’ చెక్కినవి నేనూ చూశాను. ‘అగు’లో అకారాన్ని ముందున్న సంఖ్య మింగేసింది. అర్థం మాత్రం మీరనుకున్నంత తేలిక కాదమ్మా.

పాత పంచాంగం:
తేలికే. 2024 ఉగాదికి క్రోధి వచ్చింది, శకం 1946, కలి 5125. రెండూ గతాబ్దాలే, అంటే నిండిపోయినవి. శాసనాల్లోనూ ఎక్కువ భాగం అంతే. కొన్నిట్లో వర్తమాన శకం, అంటే నడుస్తున్న ఏడు వేస్తారు, తిథీ వారమూ కుదరకపోతే అప్పుడు తెలుస్తుంది. కాబట్టి మీ ఫ్లోరే.

నిండుసున్న:
లెక్క సరే, మాట సంగతి? చెక్కినవాడు ‘అయిన’ అనలేదు, ‘అగు’ అన్నాడు. అది తద్ధర్మం. ఇన్ని అయ్యే ఏడు, అంతే. భూతానికీ కట్టుబడదు, వర్తమానానికీ కట్టుబడదు. ‘నే’లో నకారం ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నారు? ఉకారంతో ముగిసే తద్ధర్మం తర్వాత అచ్చు వస్తే నడుమ నకారం చేరుతుంది, అదే నుగాగమం, బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పలేదా?

గోదారి గట్టు:
ఆ రాయి సూరికి ఆరేడు వందల ఏళ్ళ ముందుది మాస్టారూ. ఉలి పట్టినవాడికి బాలవ్యాకరణం ఎవరు చదివి వినిపించారు? లెక్కల తెలుగు కావాలంటే మన పావులూరి మల్లన దగ్గరికి వెళ్ళాలి. మహావీరాచార్యుడి గణితాన్ని పద్యాల్లోకి దించిన మహానుభావుడు. అలాంటి కవి ఇంకో భాషలో ఉంటే బడిలో పాఠం పెట్టేవారు.

పాత పంచాంగం:
ఏ మల్లన? తాతా, మనవడా?

గోదారి గట్టు:
మొదలెట్టారూ!

డేటా పిల్ల:
మల్లన గారిని కాస్త ఆపండి. రౌండ్ డేట్‌తో ఇంకో తలనొప్పి. 2023 ఫిబ్రవరి 15ని నెలకి రౌండ్ చేస్తే మార్చి 1. 2024 ఫిబ్రవరి 15ని చేస్తే ఫిబ్రవరి 1. 28 రోజుల నెలకి ఆ తేదీ సరిగ్గా నడిమధ్య, నడిమధ్య పడితే పైకే. మామూలు రౌండ్ 2.5ని 2 చేస్తుంది, ఇది అలా కాదు. ఇంకా విడ్డూరం, మార్చి 1ని ఉత్త తేదీగా ఇచ్చి సీలింగ్ చేస్తే ఏప్రిల్ 1 వస్తుంది. టైం కూడా కలిపి సున్నా గంటలని ఇస్తే కదలనే కదలదు.

వంటింటి వ్యాకరణం:
విడ్డూరమేముంది? తేదీ అంటే క్షణం కాదు, రోజంతా. తెల్లారితే మార్చి నడుస్తున్నట్టే. మా అమ్మ పిల్లల వయసు “అయిదు నిండి ఆరోది నడుస్తోంది” అనేది. నిండినది ఫ్లోర్, నడుస్తున్నది సీలింగ్. రాళ్ళు వెతకడం దేనికి?

నిండుసున్న:
అక్కడే తిరగబడింది అక్కయ్యా. మార్చి 17కి నిండింది ఫిబ్రవరి. ఫ్లోర్ ఇచ్చేదేమో మార్చి 1, నడుస్తున్న నెల మొదలు!

వంటింటి వ్యాకరణం:
నెల మొదలే కదా ముందు నెల నిండిన చోటు. గడప ఇటు చూసినా అటు చూసినా ఒకటే గడప.

పాత పంచాంగం:
గడపంటే గుర్తొచ్చింది. మావాడు తెల్లవారుజామున 4 గంటలకి నమోదైన ఎంట్రీలని తేదీలుగా మారిస్తే అన్నీ ముందురోజుకి పడ్డాయి. ఆర్ 4.3కి ముందు ఆ మార్పిడి యూటీసీలో, అంటే గ్రీనిచ్ కాలంలో జరిగేదట, మనం అయిదున్నర గంటలు ముందు. వాడు బగ్గంటాడు. సూర్యోదయం కాందే వారం మారదు, నా లెక్కకి అదే రైటు.

డేటా పిల్ల:
రేపు పొద్దున క్లాసు. ఏ మాట రాయను?

నిండుసున్న:
ముందు ఆ రాయి ఫోటో పెట్టండి. సున్న ఉందో లేదో కళ్ళతో చూస్తే గానీ చెప్పలేను.

డేటా పిల్ల:
ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. కిందటేడు జాతరకి గుడంతా సున్నం కొట్టించారట. రాయితో సహా.