మాక్సీన్ ఫిల్మ్: 10 మైక్రాన్లకి 37 డెసిబెల్ దగ్గరే ఆగిపోతోంది, లోపం ఎక్కడ?

ప్రశ్న:
రేడియో తరంగాలను అడ్డుకునే (షీల్డింగ్) ఫిల్మ్‌ని మాక్సీన్‌తో, అంటే అతి పలుచని టైటానియం కార్బైడ్ రేకులతో చేస్తున్నాను. టైటానియం అల్యూమినియం కార్బైడ్ పొడి 1 గ్రాము, లిథియం ఫ్లోరైడ్ 1.6 గ్రాములు, 9 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ 20 మి.లీ. 35 డిగ్రీల దగ్గర 24 గంటలు స్టిర్రింగ్. పీహెచ్ 6 వచ్చేదాకా కడిగి, బాత్ సోనికేటర్‌లో 2 గంటలు, తర్వాత వాక్యూమ్ ఫిల్టర్, మామూలు ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టడం. ఫోర్ ప్రోబ్‌ (నాలుగు సూదుల మీటర్)తో షీట్ రెసిస్టెన్స్ 4 ఓమ్‌లు, ఎక్స్ బ్యాండ్‌ (8–12 గిగాహెర్ట్జ్)లో షీల్డింగ్ 37 డెసిబెల్. మందం పెంచితే సరిపోతుందా?

జవాబు 1:
మందం జోలికి ఇప్పుడే వెళ్లకండి. 4 ఓమ్‌లు, 10 మైక్రాన్లు అంటే వాహకత సెం.మీ.కి 250 సీమెన్స్. వాహకత, మందాల నుంచి షీల్డింగ్ లెక్కగట్టే సైమన్ సూత్రంలో వేస్తే 10 గిగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 37 వస్తుంది, అంటే మీ కొలతలు నమ్మదగ్గవే. వాహకత 5000 అయితే ఇదే మందానికి దాదాపు 59 డెసిబెల్ రావాలి. 2016లో ప్రచురించిన 45 మైక్రాన్ల మాక్సీన్ ఫిల్మ్ 92 డెసిబెల్ ఇచ్చిందంటే అందులో పెద్ద వాటా వాహకతదే.

నా అనుమానం సోనికేటర్ (ధ్వని తరంగాలతో కుదిపే తొట్టి) మీద. ఈ పద్ధతిలో పొరల మధ్య లిథియం చేరి ఉంటుంది కాబట్టి, పీహెచ్ 6కి వచ్చాక నీళ్లు పోసి చేత్తో గట్టిగా కుదిపితే చాలు, పొరలు విడిపోతాయి. సోనికేషన్‌లో రేకులు ముక్కలవుతాయి. అంచులు పెరుగుతాయి, ఆక్సీకరణ మొదలయ్యేది అంచుల దగ్గరే. పైగా బాత్ నీళ్లు వేడెక్కుతాయి. తప్పనిసరైతే ఐసు నీళ్లలో, ఆర్గాన్ పంపుతూ చేయండి. తర్వాత 3500 ఆర్‌పీఎమ్ దగ్గర సెంట్రిఫ్యూజ్ చేసి పై ద్రవం మాత్రమే తీసుకోండి.

ఒకసారి ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాలతో స్ఫటికాల పరీక్ష) చూడండి: 39 డిగ్రీల పీక్ మిగిలితే ఎచింగ్, అంటే యాసిడ్‌తో అల్యూమినియం తీసేయడం, పూర్తి కాలేదు. 25.3 దగ్గర పీక్ ఉంటే టైటానియం డయాక్సైడ్ పుట్టింది.

జవాబు 2:
ఆరబెట్టడం కూడా మార్చాలి. తడి ఫిల్మ్‌ని గాలిలో 80 డిగ్రీలకి పెట్టడమంటే నీరు, ఆక్సిజన్, వేడి మూడూ ఒకేసారి తగిలించడమే. ముందు వాక్యూమ్‌లో గది ఉష్ణోగ్రత దగ్గర, తర్వాత వాక్యూమ్‌లోనే 150–200 డిగ్రీలకి తీసుకెళ్లండి. పొరల మధ్య నీరు పోతే రెసిస్టెన్స్ బాగా తగ్గుతుంది. మిగిలిన ద్రావణం ఆర్గాన్ నింపిన సీసాలో 4 డిగ్రీల దగ్గర ఉంచండి. ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు పోయి తెల్లబడుతుంటే అది ఇక పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఇదే ఫిల్మ్ సూపర్‌కెపాసిటర్‌కి వాడొచ్చా?

జవాబు 2:
ఇంతగా ఆరినది వద్దు. పొరలు దగ్గరపడి అయాన్లకి దారి ఉండదు. దానికి వేరే ముక్క తీసి, తడిగానే సల్ఫ్యూరిక్ యాసిడ్ ఎలక్ట్రోలైట్‌లో వేయండి.

జవాబు 3:
ఇది చదివి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక మాట. సీసా మీద రాసి లేకపోయినా ఈ మిశ్రమంలో పుట్టేది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్. గాజు పాత్రలు వద్దు, టెఫ్లాన్ గానీ పాలీప్రొపిలీన్ గానీ వాడండి. ఈ యాసిడ్ చర్మం మీద పడితే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉండాలి. పొడిని ఐసు బాత్‌లో 10 నిమిషాల పాటు కొద్దికొద్దిగా వేయండి. హైడ్రోజన్ వస్తుంది కనుక మూత బిగించవద్దు. మొదటి కడుగు నీళ్లని సింకులో పోయకుండా సున్నంతో తటస్థం చేయండి.